పొటాషియం సార్బేట్: బూజే దీన్ని తినేస్తుంటే ఎంతవరకు నమ్మొచ్చు?

ఆహారం చెడకుండా వేసే పొటాషియం సార్బేట్ డబ్బా మీద రాసే మాటలు ఎక్కడైనా దాదాపు ఒకటే. బూజునీ ఈస్ట్‌నీ ఆపుతుంది, రుచి మార్చదు, 0.1 శాతం వేస్తే చాలు. మొదటి రెండు మాటలతో పెద్ద పేచీ లేదు. తంటా అంతా మూడోదానితోనే. ఒకే డబ్బాలోంచి తీసిన ఆ 0.1 శాతం పుల్లటి జామ్‌లో నెలల తరబడి కాపలా కాస్తుంది. కేకులో వేస్తే వేసినా వేయనట్టే ఉంటుంది. ఇంకోచోట బూజు ఆగకపోగా సరుకంతా కిరోసిన్ కంపు కొడుతుంది. ఈ మూడింటిలోనూ పొడి తప్పేమీ ఉండకపోవచ్చు. అందుకే ఈ సమీక్షలో పొడి గురించి కొంత, దాని ఎదురు నిలిచే బూజుల గురించి ఎక్కువ.

ముందు పొడి సంగతి చూద్దాం. లేబుల్ మీద ఇ202 అని ఉండేది ఇదే. మెత్తని పొడిగానూ దొరుకుతుంది, చిన్న గుళికలుగానూ దొరుకుతుంది. గుళికలే తీసుకోండి. మెత్తని పొడి తూచేటప్పుడు లేచి ముక్కూ కళ్లూ మండిస్తుంది, గాలిలో తేమ ఉంటే గడ్డ కడుతుంది. రంగు తెలుపు లేదా తెలుపుకి దగ్గరగా ఉండాలి. పసుపు తిరిగి గోధుమ రంగుకి పోతోందంటే గాలికి ఆక్సీకరణం మొదలైనట్టే. అందులో ఆల్డిహైడ్‌లు చేరుతుంటాయి, సార్బేట్ తగ్గుతుంటుంది. అమ్మకందారు ఇచ్చే విశ్లేషణ పత్రంలో రెండు అంకెలు తప్పక చూడాలి: స్వచ్ఛత 99 శాతానికి తగ్గకూడదు, ఆల్డిహైడ్‌లు 0.1 శాతం దాటకూడదు. పత్రమే ఇవ్వనివాడి దగ్గర ధర ఎంత తక్కువైనా కొనడం దండగ.

పని చేసేది పొటాషియం సార్బేట్ కాదు, దాన్నుంచి వచ్చే సార్బిక్ ఆమ్లం. 1859లో హాఫ్‌మన్ అనే జర్మన్ రసాయనవేత్త రోవాన్ చెట్టు పండ్ల నూనె నుంచి దీన్ని వేరు చేశాడు. ఆ చెట్టు జాతి పేరు సార్బస్, ఆమ్లం పేరు అక్కణ్ణుంచే వచ్చింది. అయితే ఆమ్లం నీళ్లలో కరగదనే చెప్పాలి: గది వేడి దగ్గర 100 మిల్లీలీటర్లకి దాదాపు 0.16 గ్రాములు, అంతే. దాని పొటాషియం లవణం అదే నీళ్లలో 58 గ్రాముల దాకా కరుగుతుంది. లవణాన్ని అమ్మడానికి కారణం ఇదే. కానీ తూకం దగ్గర పొరపాటు జరుగుతుంది. లవణంలో ఆమ్లం వాటా 74.6 శాతమే. నియమాల్లో పరిమితిని చాలాచోట్ల సార్బిక్ ఆమ్లం లెక్కలో చెబుతారు, ఫార్ములాలో వేసేది లవణం. ఒక గ్రాము ఆమ్లానికి 1.34 గ్రాముల లవణం కావాలి. ఈ గుణకారం మరిచిపోతే మోతాదులో పావు వంతు తగ్గిపోతుంది.

కలపడానికి తేలిక దారి 20 శాతం ద్రావణం. 200 గ్రాములు తూచి, గోరువెచ్చని నీళ్లలో కరిగించి, మొత్తాన్ని లీటరుకి తేవాలి. 100 కిలోల సరుకులో 0.1 శాతం కావాలంటే ఇందులో అర లీటరు. పొడిని నేరుగా చల్లితే ఒకచోట ముద్దగా, ఇంకోచోట సున్నాగా మిగులుతుంది, ఆ సున్నా దగ్గరే బూజు లేస్తుంది. వరస కూడా ముఖ్యం. ముందు సార్బేట్ బాగా కలిసిపోవాలి, ఆ తర్వాతే నిమ్మ ఉప్పు లేదా వెనిగర్. ఆమ్లం ముందే ఉన్న సరుకైతే గట్టిగా కలుపుతూ సన్నటి ధారగా పోయాలి. లేకపోతే ద్రావణం తగిలిన చోటే లవణం ఆమ్లంగా మారి, కరగలేక, తెల్లటి సన్నని సూదుల్లాంటి పలుకులుగా విడిపోతుంది.

ఈ పలుకుల గురించి ఇంకో మాట. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3 దగ్గర 0.2 శాతం పొటాషియం సార్బేట్ వేశారనుకోండి, అది 0.15 శాతం సార్బిక్ ఆమ్లంతో సమానం. అంటే గది వేడి దగ్గర కరిగే హద్దుకి ఆనుకుని ఉన్నట్టే. సరుకుని ఫ్రిజ్‌లో పెట్టగానే ఆ హద్దు ఇంకా కిందికి జారుతుంది, పైన తెల్ల చుక్కలు తేలతాయి. కొన్నవాళ్లు బూజు అని వెనక్కి పంపేది చాలాసార్లు ఈ చుక్కల్నే. తేడా పట్టుకోవడం కష్టమేం కాదు. చుక్కని కాస్త సరుకుతో పాటు చెంచాలోకి తీసి వెచ్చబెట్టండి. పలుకైతే కరిగిపోతుంది, బూజైతే నూగులా అలాగే ఉంటుంది.

ఇక అసలు తూకం పీహెచ్. సార్బిక్ ఆమ్లం విడిపోకుండా పూర్తి అణువుగా ఉంటేనే బూజు కణం పొరని దాటి లోపలికి వెళ్తుంది. లోపల పీహెచ్ 7కి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ విడిపోయి ప్రోటాన్‌ని వదులుతుంది. కణం ఆ ప్రోటాన్లని బయటికి తోడుకోవడానికే శక్తంతా ఖర్చు పెడుతుంది, ఎదుగుదల ఆగుతుంది. ఆమ్లం కణం పొరని కూడా కొంత దెబ్బ తీస్తుంది. పీహెచ్ 3 దగ్గర 98 శాతం ఆమ్లం ఈ పూర్తి రూపంలో ఉంటుంది. 4 దగ్గర 85 శాతం. 5 దగ్గర 37కి, 6 దగ్గర 5కి పడిపోతుంది. 7 దగ్గర ఒక శాతం కూడా లేదు. కిలోకి ఒక గ్రాము పొటాషియం సార్బేట్ వేస్తే, పీహెచ్ 4 దగ్గర పనికొచ్చేది దాదాపు 635 మిల్లీగ్రాములు, పీహెచ్ 6 దగ్గర 40 మాత్రమే. పదహారో వంతు! బేకింగ్ పౌడర్‌తో పొంగించే కేకులో సార్బేట్ దండగ అనిపించడానికి కారణం ఇదే. కేకు పీహెచ్‌ని 6.5 నుంచి 5.5కి దింపగలిగితే, మోతాదు చిటికెడు కూడా పెంచకుండా పనిచేసే ఆమ్లం ఎనిమిది రెట్లు దాటుతుంది. పీహెచ్ మీటరు లేకుండా ఈ పొడి కొనకండి. మీటరు ఉంటే సరిపోదు, 4.01, 7.00 బఫర్లు (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) రెండింటితోనూ సరిచూసుకుని వాడాలి. కాగితపు పట్టీలు ఇక్కడ పనికిరావు, అర పాయింటు తేడానే ఫలితాన్ని తలకిందులు చేస్తుంది.

నూనె ఎక్కువున్న సాస్‌లలో ఇంకో లెక్క ఉంది. పూర్తి రూపంలోని ఆమ్లానికి నీళ్లకంటే కొవ్వు ఇష్టం, చాలా భాగం నూనెలోకి చేరిపోతుంది. బూజు పెరిగేది మాత్రం నీటి భాగంలో. మొత్తం బరువు మీద లెక్క కట్టిన మోతాదు అందుకే తప్పుతుంది. ఈ విషయంలో సోడియం బెంజోయేట్ అనే ఇంకో ప్రిజర్వేటివ్ ఇంకా ఘోరం, అది నూనెలోకి మరింత ఎక్కువగా పోతుంది. పీహెచ్ విషయంలోనూ అది వెనకే: 5 దగ్గర బెంజోయిక్ ఆమ్లం 14 శాతమే పూర్తి రూపంలో ఉంటుంది. చవక కాబట్టి పీహెచ్ 3.5 లోపు పానీయాలకి వాడుతుంటారు. విటమిన్ సి ఉన్న పానీయంలో మాత్రం వద్దు. రాగి, ఇనుము ఆనవాళ్లు ఉండి, వేడీ వెలుతురూ తగిలితే బెంజోయేట్, విటమిన్ సి కలిసి బెంజీన్ అనే విషం పుడుతుంది.

ఇంతవరకు అన్నీ సరిగ్గా చేశారు: పీహెచ్ 4, మోతాదు 0.15 శాతం, కలపడం సవ్యంగా. అయినా బూజు వచ్చింది. డబ్బా మీద రాయని సంగతి ఇక్కడ మొదలవుతుంది.

సార్బేట్ బూజుని చంపదు, ఎదగనివ్వదు, అంతే. బూజు స్పోరు (దాని విత్తనం లాంటిది) నిద్రలో ఉన్నంతసేపు దానికి ఇలాంటి ప్రిజర్వేటివ్ పట్టదు. గోడ మందం, లోపల ట్రెహలోజ్, మానిటాల్ నిల్వలు. అది మేలుకుని మొలకెత్తేటప్పుడే సార్బేట్‌కి అవకాశం. వేల స్పోర్లలో అన్నీ ఒకేలా ఉండవు, ఏ కొన్నో మిగతావాటికంటే మొండివి. గ్రాముకి పది స్పోర్లున్న సరుకులో ఆ మొండిది ఉండకపోవచ్చు, లక్ష ఉన్న సరుకులో తప్పకుండా ఉంటుంది. గోడల మీదా పంకా రెక్కల మీదా బూజు పట్టిన గదిలో మోతాదు పెంచుకుంటూ పోవడం అందుకే వృథా.

మొలకెత్తిన స్పోరు ఊరుకోదు. ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్ల బూజు, పెనిసిలియం రాక్‌ఫోర్టి అనే నీలి ఆకుపచ్చ బూజు, ఇంకొన్ని పెనిసిలియంలు సార్బిక్ ఆమ్లంలోని కార్బాక్సిల్ ముక్కని కత్తిరించేస్తాయి. మిగిలేది 1,3-పెంటాడయీన్, తేలిగ్గా ఆవిరయ్యే ఒక హైడ్రోకార్బన్. కిరోసిన్ అనో, ప్లాస్టిక్ అనో, పెయింట్ అనో ఫిర్యాదులు వచ్చేది దీని వాసనకే. నైగర్‌లో ఈ పని చేసే ఎంజైమ్‌ని, దానికి తోడు కావలసిన ప్రత్యేకమైన ఫ్లేవిన్ సహకారకాన్ని తయారుచేసే ఎంజైమ్‌ని, ఈ రెండింటినీ మేలుకొలిపే నియంత్రకాన్ని రాసే జన్యువులు ఒకదాని పక్కన ఒకటి కూర్చుని ఉంటాయి. సార్బేట్ తగలగానే మూడూ కలిసి పని మొదలుపెడతాయి. ఆ ఎంజైమ్‌కి సార్బిక్ ఒక్కటే కాదు, సినమిక్ ఆమ్లం కూడా అలవాటే, దాన్ని స్టైరీన్‌గా మారుస్తుంది. "సహజ" ప్రిజర్వేటివ్ పేరుతో సినమిక్ ఆమ్లం ఉన్న సారాన్ని సార్బేట్ బదులు వాడదామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. తాళం మారిందనుకుంటారు, తాళంచెవి అదే.

పోనీ బెంజోయేట్‌కి మారితే? ఈ కత్తిరింపు ఎంజైమ్‌కి బెంజోయిక్ ఆమ్లం లొంగదు, నిజమే. కానీ నైగర్‌కి ఇంకో దారి ఉంది. బెంజోయిక్ ఆమ్లానికి ఒక హైడ్రాక్సిల్ తగిలించి, మెట్టు మెట్టుగా విరిచి తిండి చేసుకుంటుంది. బ్రెడ్‌లో వాడే ప్రిజర్వేటివ్ ప్రొపియోనేట్ సంగతీ అంతే. లోపలికి వెళ్లిన ప్రొపియోనిక్ ఆమ్లం కణంలోని పైరువేట్ మార్గానికి అడ్డుపడి ఎదుగుదలని ఆపుతుంది, ఆస్పర్‌జిల్లస్‌లు దాన్ని మిథైల్‌సిట్రేట్ చక్రంలోకి లాగి కర్బనంగా వాడేసుకుంటాయి. మూడు ఆమ్లాలకీ మూడు తిండి దారులు. మోతాదు సరిపడా ఉంటే బూజు తినే లోపే ఆగిపోతుంది. తక్కువైతే, లేదా బూజు ముందే బాగా చేరి ఉంటే, రోజురోజుకీ ప్రిజర్వేటివ్ కరిగిపోతుంది, చివరికి బూజుది పైచేయి అవుతుంది. అరకొర మోతాదు అసలు వేయకపోవడం కంటే మేలు కాదు, వాసన కూడా అంటుకుంటుంది కాబట్టి.

రాక్‌ఫోర్టిలో ఇంకో మెలిక. ఈ జాతి బూజులన్నీ ఒకే మొండితనంతో ఉండవు. బాగా తట్టుకునే వాటి జన్యుపదార్థంలో దాదాపు 180 వేల బేస్ జతల పొడవున్న ఒక జన్యు గుంపు కనిపించింది, సార్బేట్‌కి లొంగే వాటిలో అది లేదు. దానికి పరిశోధకులు పెట్టిన పేరు సార్బస్. ఆమ్లానికి పేరిచ్చిన చెట్టు జాతి పేరూ అదే. పనికొచ్చే సంగతి ఏమిటంటే, పేరు ఒకటే కదా అని బూజుని పేరు చూసి కొలవకూడదు. మీ గదిలో ఉన్న రకం ఏదో పరీక్షలోనే తేలాలి.

పరీక్ష ఇలా. బూజుని పెంచడానికి వాడే మాల్ట్ అగర్‌ని ఉడికించి, 50 డిగ్రీలకి చల్లారాక 0.5 శాతం ఎసిటిక్ ఆమ్లం కలిపి పళ్లేల్లో పోయాలి. ముందే కలిపి ఉడికిస్తే అగర్ విరిగి గడ్డకట్టదు. చెడిన సరుకులోని బూజుని, గది గాలిలో తెరిచి ఉంచిన పళ్లెంలో పడిన బూజుల్నీ దీని మీద గీయండి. మామూలు బూజులు చాలావరకు రావు. 25 డిగ్రీల దగ్గర వారం లోపు ఆకుపచ్చగా పరుచుకుంటే రాక్‌ఫోర్టి గుంపుదని అనుమానించాలి. అది దొరికితే డబ్బు సార్బేట్ మీద కాదు, గది కడగడం మీద పెట్టాలి.

బ్రెడ్ దగ్గర సార్బేట్‌కి మార్కులు తగ్గుతాయి. పిండిలో కలిపితే బూజు కంటే ముందు పొంగించే ఈస్ట్ నీరసిస్తుంది. అక్కడ కాల్షియం ప్రొపియోనేట్, పిండి బరువులో 0.1 నుంచి 0.4 శాతం. బేకింగ్ పౌడర్ కేకుల్లో అయితే సోడియం ప్రొపియోనేట్, ఎందుకంటే కాల్షియం పొంగించే రసాయనాలతో పేచీ పెట్టుకుంటుంది. సార్బేటే కావాలంటే కొవ్వు పొర తొడిగిన సార్బిక్ ఆమ్లం దొరుకుతుంది. పొర ఓవెన్‌లోనే కరుగుతుంది, అప్పటికి ఈస్ట్ పని అయిపోతుంది. ధర ఎక్కువే కానీ పని బాగుంటుంది. ఓవెన్‌లోంచి వచ్చిన బ్రెడ్ పైపొర మీద బతికున్న బూజు ఉండదు. చల్లారే చోట, కోసే కత్తి దగ్గర, కవరులో పెట్టే చేతుల దగ్గర అంటుకుంటుంది. వేడి తగ్గకముందే కవరు మూస్తే లోపల నీటి చుక్కలు పట్టి, చుక్క పడిన చోటే బూజు లేస్తుంది. కవరులో ఆక్సిజన్ తగ్గించి గాలి మార్చే పద్ధతి చాలా బూజులకి పనికొస్తుంది, రాక్‌ఫోర్టికి కాదు. అది తక్కువ ఆక్సిజన్‌లోనూ బతుకుతుంది, ప్రొపియోనేట్‌నీ ఓర్చుకుంటుంది. తెల్ల సుద్దపొడి చల్లినట్టు మచ్చలు వస్తే అది బూజు కాకపోవచ్చు, హైఫోపీకియా బర్టోనీ లాంటి ఈస్ట్ అయ్యుండొచ్చు.

పండ్ల రసాల్లో కథ వేరు. పాశ్చరైజ్ చేశాక కూడా బూజు వస్తే సార్బేట్ పేరు పాడు చేయకండి. పీసిలోమైసిస్ నీవియస్, ఆస్పర్‌జిల్లస్ ఫిషెరీ లాంటివాటి స్పోర్లు మామూలు పాశ్చరైజేషన్ వేడికి చావకపోగా, ఆ వేడికే నిద్ర లేస్తాయి. మట్టితో వచ్చే స్పోర్లు ఇవి, పండ్లని కడిగే దశలోనే ఆపుకోవాలి. చక్కెర బాగా పట్టిన సరుకులో వాటర్ యాక్టివిటీ (బూజుకి అందే నీటి కొలత, స్వచ్ఛమైన నీటికి 1) 0.85 లోపుంటే చాలా బూజులు అప్పటికే తడబడతాయి, తక్కువ సార్బేట్‌తో గడిచిపోతుంది. జీరోమైసిస్ బైస్పోరస్ మాత్రం 0.61 దాకా పెరుగుతుంది. వెనిగర్ సాస్‌లకి మోనిలియెల్లా ఎసిటోఅబ్యుటెన్స్ ఇంకో తలనొప్పి, వెనిగర్‌లో హాయిగా ఉంటుంది.

చీజ్ పై తొక్కకి మాత్రం సార్బేట్ బదులు నాటమైసిన్ తీసుకోండి. స్ట్రెప్టోమైసిస్ నటాలెన్సిస్ అనే బాక్టీరియా తయారుచేసేది. బూజు పొరలోని ఎర్గోస్టెరాల్‌కి అతుక్కుంటుంది, కాబట్టి ఆమ్లాలని తినే పై దారులేవీ దీని మీద పనిచేయవు. పీహెచ్ తంటా కూడా పెద్దగా లేదు. నీళ్లలో కరగకపోవడమే దీని బలం, చీజ్ లోపలికి దిగకుండా తొక్క మీదే ఉంటుంది. తిప్పలు కూడా అక్కడివే: ద్రావణం కాదు, తేలే పొడి. ముంచే తొట్టిని కలపడం ఆపితే అడుక్కి చేరి, చివర్లో ముంచిన చీజ్‌కి నీళ్లే అంటుకుంటాయి. ఎండ తగిలినా, తొట్టిలో క్లోరిన్ మిగిలినా పాడవుతుంది. బాక్టీరియాని ముట్టుకోదు.

వైన్‌లో సార్బేట్ వేసేవాళ్లకి ఒక హెచ్చరిక. లాక్టిక్ బాక్టీరియా మిగిలి ఉంటే సార్బిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి, అది ఎథనాల్‌తో కలిసి నలిపిన జెరేనియం ఆకు వాసన తెస్తుంది. ఒకసారి వచ్చాక పోదు. ఆ బాక్టీరియాని అణిచే సల్ఫైట్ లేకుండా ఒంటరిగా సార్బేట్ వేయకూడదనేది అందుకే.

మార్కులు ఇస్తే: పీహెచ్ 4.5 లోపు జామ్‌లు, సాస్‌లు, పానీయాలకి ఐదుకి నాలుగున్నర. 5 నుంచి 5.5 మధ్య కేకులకి, ఆమ్లం సర్దుకోగలిగితే మూడు. ఈస్ట్ బ్రెడ్ పిండిలో ఒకటి. పీహెచ్ 6.5 దాటిన దేనికైనా సున్నా. కిరోసిన్ వాసన ఒకసారి వచ్చిన గదిలో, కడిగి మళ్లీ పరీక్ష చేసేదాకా మార్కులే లేవు.

కొన్నాక గాలి చొరని డబ్బాలో, చీకటిగా, చల్లగా ఉంచండి. తయారుచేసిన 20 శాతం ద్రావణాన్ని నిల్వ పెట్టకండి, ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి. లేత పసుపు తిరిగితే పారబోయండి. ఉడికే సరుకులో చివర్లో, పొయ్యి ఆపాక కలపండి. పుల్లటి సరుకు మరుగుతుంటే సార్బిక్ ఆమ్లం ఆవిరితో పాటే ఎగిరిపోతుంది.